డెల్టా నుంచి మారేడుమిల్లి ఘాట్‌కి స్పోర్ట్స్ కారులో ఎలా వెళ్లాలి?

కోనసీమలో కారు నేర్చుకున్నవాళ్లకు మలుపులు కొత్త కాదు. కాలవగట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎక్కడ ఒదగాలో మనకు బాగా తెలుసు. తెలియనిదల్లా వాలు. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా నేలంతా దాదాపు బల్లపరుపే. అందుకే ఘాట్‌కి వెళ్లేవారు ఎక్కడం సంగతి తర్వాత, దిగడం సంగతి ముందు చూసుకోవాలి.

మొదట బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన డెల్టాలో తేమకు కొదవ లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు చేరితే 155 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. వేయించి రెండేళ్లు దాటితే కొత్తది పోయించుకునే బయల్దేరండి. ప్యాడ్లు ఎంత అరిగాయో అప్పుడే చూపించండి.

టైర్లలో గాలి పొద్దున్నే, అవి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే దిక్కు. టైరు పక్క గోడ చీలితే అదీ పనికిరాదు. కారు ఎత్తుకెళ్లే బండివాళ్ల నంబరు దగ్గరుంచుకోండి.

వానాకాలం వద్దు, చరియలు విరిగిపడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పొద్దున మంచు విడిచాక ఘాట్ ఎక్కి, చీకటి పడకముందే దిగిపోయేలా లెక్క వేసుకోండి.

రాజమండ్రిలోనే ట్యాంకు నింపి, ఫోనులో మ్యాపు దించుకోండి. కొండల్లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. ఈ దారిలో ఊళ్ల స్పీడ్ బ్రేకర్లే స్పోర్ట్స్ కారుకి గండం. చాలావాటి అడుగు నేలకు 110 నుంచి 130 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించండి.

అసలు ఘాట్ మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్తుంటే వస్తుంది. మలుపుకి ముందే, కారు తిన్నగా ఉండగానే బ్రేకు వేసి గేరు తగ్గించండి. తిప్పేటప్పుడు కాలు నిలకడగా ఉంచి, అవతలి రోడ్డు కనపడ్డాకే యాక్సిలరేటర్ తొక్కండి. ఈ కారులో ఆనందమంతా ఆ క్షణంలోనే ఉంది, స్పీడోమీటర్ ముల్లులో కాదు. అవతల ఏముందో కనపడని మలుపులో హారన్ కొట్టండి, మీ ఎడమ వదలకండి. బస్సుకో లారీకో అక్కడ రోడ్డంతా కావాల్సి వస్తుంది.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో, మూడో గేరులో ఉంచండి. న్యూట్రల్ అసలొద్దు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి వదిలేయండి. మాడు వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి. నీళ్లు పోస్తే బ్రేకు డిస్కులు పగలొచ్చు. ఇరుకు చోట దిగే బండే ఎక్కే బండికి దారివ్వాలి, నిబంధన కూడా అదే. 2019 అక్టోబరులో యాత్రికుల బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడి ప్రాణాలు పోయాయి.

దారి పక్కనే కొండరెడ్డి గిరిజనుల పల్లెలున్నాయి. పిల్లలు, మేకలు రోడ్డు మీదికి వస్తుంటాయి. అక్కడ ఇంజను మోత వినిపించకుండా మెల్లగా వెళ్లండి, అది మర్యాద.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తినకుండా రావద్దు. కాల్చడానికి సమయం పడుతుంది కాబట్టి ముందే చెప్పి జలతరంగిణి జలపాతం చూసి రండి. గుడిస పచ్చికకొండకి మాత్రం ఈ కారు ఎక్కదు. దాన్ని మారేడుమిల్లిలో ఉంచి, అక్కడి జీపు మాట్లాడుకోండి.