ఎయిర్‌పోర్టులో డబ్బు మారిస్తే ఎందుకు తగ్గుతోంది? తిరుపతి, చిత్తూరు ప్రయాణికులకు సమస్య - పరిష్కారం

వడ్డీకాసులవాడి ఊర్లో పుట్టి పెరిగి కూడా మారకం లెక్క దగ్గర బోల్తా పడ్డవాణ్ణి నేను. సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటికి బయల్దేరిన రోజు, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరేసరికి రాత్రి పదిన్నర అయింది. చేతిలో అన్నీ రూపాయలే, లోపలికెళ్ళాక మార్చుకుందాంలే అని ధీమా. కౌంటర్‌లో ఇచ్చింది జేబులో పెట్టుకుని విమానం ఎక్కి, సీటు బెల్టు పెట్టుకున్నాక తీరిగ్గా లెక్కేస్తే దాదాపు నాలుగు వేలు ఎగిరిపోయాయి. కౌంటర్ అబ్బాయి మోసమేమీ చెయ్యలేదు, రేటు బోర్డు మీద రాసే ఉంది, హడావిడిలో నేనే చదవలేదు.

రేణిగుంట నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళి అక్కడ విదేశీ విమానం పట్టుకోవాలి, లేదంటే రోడ్డు మీద చెన్నైకి, చిత్తూరు వైపు వాళ్ళయితే పలమనేరు, కోలారు మీదుగా దేవనహళ్ళిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టుకి పోవాలి. ఎటు పోయినా అర్ధరాత్రి అలసిపోయి కౌంటర్ ముందు నిలబడేది మనమే, కాబట్టి మీకు ఎక్కడ తేడా కొడుతోందో కింద చూసుకోండి.

ముందు ఒక లెక్క

బోర్డు, కమిషన్, పన్ను అన్నీ పక్కన పెట్టండి. మీ చేతి నుంచి పోయిన మొత్తం రూపాయలను చేతికొచ్చిన డాలర్లతో భాగించండి. అదే మీకు పడిన అసలు రేటు. దాన్ని గూగుల్ చూపించే రేటుతో పోల్చండి. నా మటుకు నాకు రెండు శాతం లోపు తేడా అయితే నోరు మూసుకుని తీసుకోవచ్చు, నాలుగు దాటితే ఇంకో చోట అడగాలి, ఎనిమిది, పది శాతం కనిపిస్తే అక్కడి నుంచి కదలాలి.

సమస్య: గూగుల్‌లో ఒక రేటు, కౌంటర్‌లో ఇంకో రేటు

కారణం: గూగుల్‌లో కనిపించేది బ్యాంకులు పెద్ద మొత్తాల్లో తమలో తాము కొనుక్కునే రేటుకు దగ్గరగా ఉండే మధ్య రేటు. ఆ రేటుకు నోట్లు మీకూ నాకూ ఎక్కడా దొరకవు. నోట్లు తెప్పించాలి, దాచాలి, బీమా కట్టాలి, కాబట్టి ఊర్లో వాళ్ళూ కొంత కలుపుకుంటారు, అది న్యాయమే. ఎయిర్‌పోర్టులో దాని మీద భారీ అద్దె ఒకటి, రాత్రంతా మనిషిని కూర్చోబెట్టిన జీతం ఒకటి. వీటన్నిటికంటే పెద్ద కారణం, లోపలికి వచ్చినవాడు ఇంకెక్కడికీ పోలేడని వాళ్ళకు తెలుసు. కొండ కింద వంద రూపాయలకు దొరికే వస్తువు, పోవడానికి వేరే దారి లేని చోట నూటయాభై అవుతుంది, ఇదీ అంతే.

ఇంకో తికమక కూడా ఉంది. బోర్డు మీద రెండు వరుసలుంటాయి, కొనే రేటు, అమ్మే రేటు. అవి వాళ్ళ వైపు నుంచి రాసినవి. మీరు డాలర్లు కొంటుంటే చూడాల్సింది వాళ్ళు 'అమ్మే' రేటు, అంటే రెండింట్లో ఎక్కువగా ఉన్న అంకె. మా బావ తక్కువ అంకె చూసి సంబరపడి, బిల్లు చేతికొచ్చాక "ఏందప్పా ఇది, ఇట్లా రాసినావు" అని కౌంటర్ దగ్గర గొడవేసుకున్నాడు.

లెక్క సులువు కోసం గూగుల్‌లో డాలరు 90 ఉందనుకుందాం. ఊర్లో 91.50కి ఇస్తే 500 డాలర్లకు 45,750 అవుతుంది. ఎయిర్‌పోర్టు బోర్డు మీద 97 ఉంటే 48,500. తేడా 2,750, అంటే తిరుపతి నుంచి చెన్నైకి నలుగురి బస్సు చార్జీలు పోను ఇంకా మిగులుతుంది.

ఏం చెయ్యాలి: బయల్దేరడానికి నాలుగైదు రోజుల ముందే ఊర్లో పని ముగించండి. విదేశీ మారకం చేసే బ్యాంకు శాఖలూ, రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్లూ ఉంటారు, లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అయితే అన్ని శాఖల్లోనూ నోట్లు నిల్వ ఉండవు, డాలర్లయినా ఒక రోజు ముందు చెప్పమంటారు, మిగతా కరెన్సీలు బయటి ఊరి నుంచి తెప్పించాల్సి రావచ్చు, అందుకే ఆఖరి రోజు పెట్టుకోవద్దనేది. ఫోన్ చేసినప్పుడు "రేటు ఎంత?" అని అడగొద్దు, "500 డాలర్ల నోట్లకు అన్నీ కలిపి నేను ఎంత కట్టాలి?" అని అడగండి. ఇదే ప్రశ్న ఇద్దరు ముగ్గురిని అడిగి, ఇంకొకరు ఇంత చెప్పారని మెల్లగా అంటే పావలో అర్ధో తగ్గించేవాళ్ళు ఉన్నారు, బేరం మనకేమీ కొత్త కాదు కదా.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు తీసుకెళ్ళండి. రూపాయలు నగదుగా 50,000 వరకే తీసుకుంటారు, అంతకు మించితే బ్యాంకు ద్వారా కట్టాలి. మామూలు దేశాలకు ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువకు మించి ఇవ్వరు, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడే కార్డులో, వేయించుకోవాలి. నిజానికి అన్ని నోట్లు ఎందుకు? దిగగానే టాక్సీకి, తిండికి సరిపడా నోట్లు, మిగతాది కార్డు, అదే మేలు.

ఊర్లో కుదరకపోతే, కొన్ని కంపెనీలు ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకుంటే ఎయిర్‌పోర్టు కౌంటర్‌లోనే తీసుకోనిస్తాయి, నేరుగా వెళ్ళి అడిగినవాడికి చెప్పే రేటుకంటే అది నయంగా ఉంటుంది. కారులో తిరుత్తణి దాటేలోపు ఫోన్‌లో చేసేసుకోవచ్చు.

సమస్య: 'కమిషన్ లేదు' అన్నారు, అయినా తక్కువే వచ్చింది

కారణం: కమిషన్ లేదన్న మాట నిజమే, లాభమంతా రేటులోనే కలిపేశారు. రేటు తక్కువగా చూపించి సర్వీసు చార్జీ అని వేరే రాసేవాళ్ళూ ఉన్నారు. రెంటికీ పైన చెప్పిన భాగహారమే మందు.

పన్ను మాటకొస్తే, లక్ష రూపాయల వరకు మార్చినప్పుడు అందులో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, విలువగా తీసుకుని దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. అంటే కనీసం 45 రూపాయలు, పూర్తి లక్షకు 180. మారకం బిల్లులో జీఎస్టీ పేరుతో వేలల్లో కనబడితే అక్కడే ఆగి, ఏ లెక్కన వేశారో అడగండి.

సమస్య: అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ళు దిగగానే డాలర్లు మార్చి బాధపడుతున్నారు

ఇది మా ఇంట్లో ఏటా జరిగే తంతు. పెద్దమ్మ కొడుకు, వదిన, పిల్లలు దిగుతారు, కొండకు పోవాలి, కాణిపాకం పోవాలి, చేతిలో రూపాయలుండాలి కదా అని పెట్టెలు రాగానే వేయి డాలర్లు మార్చేస్తారు. ఇక్కడ వాళ్ళకు పడేది 'కొనే' రేటు. పై లెక్కలోనే 90కి బదులు 82 అనుకోండి, వేయి డాలర్లకు ఎనిమిది వేలు పోయినట్టే. "పోనీలే రా, ఎంతలే" అంటాడు అన్న. అదే మనిషి శ్రీనివాసం దగ్గర ఆటోవాడితో ఇరవై రూపాయలకు పది నిమిషాలు వాదిస్తాడు.

ఏం చెయ్యాలి: ఎయిర్‌పోర్టులో టాక్సీకి, టిఫిన్‌కు సరిపడా మార్చుకుని, మిగతాది ఊర్లో బ్యాంకులోనో లైసెన్సు ఉన్నచోటో మార్చుకోండి. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ళకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే రూపాయల ఖాతా, ఉన్నవాళ్ళకు ఇంకో దారి కూడా ఉంది. అమెరికా, కెనడా, ఇంగ్లండ్, సింగపూర్, యూఏఈ, సౌదీ లాంటి దేశాల ఫోన్ నంబరుతోనే ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకునే వీలు 2023లో ఇచ్చారు. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి, దిగాక ఓటీపీ రాలేదని టెన్షన్ పడొద్దు.

ఏటీఎంలో విదేశీ కార్డు పెట్టినప్పుడు మన మెషీను చార్జీ ఒకటి, వాళ్ళ బ్యాంకు చార్జీ ఒకటి పడొచ్చు, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తియ్యకుండా ఒకేసారి తియ్యండి.

నోట్ల సంగతి కూడా చూసుకోండి. పాత చిన్న బొమ్మ వంద డాలర్ల నోట్లు అమెరికాలో చెల్లుతాయి గానీ ఇక్కడ కౌంటర్లలో మొహం తిప్పేస్తారు, చిరిగినవి, పెన్నుతో రాసినవి కూడా అంతే, చిన్న నోట్లకు రేటు తగ్గించేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర కాగితం 20, 50 పౌండ్ల నోట్లుంటే వాటి చలామణి 2022 సెప్టెంబరు 30తోనే ఆగిపోయింది.

బస్టాండు దగ్గరో లాడ్జి మెట్ల మీదో "సార్, డాలర్లున్నాయా, మంచి రేటిస్తా" అనేవాడి వైపు చూడను కూడా చూడొద్దు. అది చట్టం ఒప్పుకోదు, పైగా దొంగ నోట్లు అంటగడితే ఎవరితో చెప్పుకుంటారు? లైసెన్సు ఉన్నచోట మార్చినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌ను పారెయ్యకుండా పాస్‌పోర్టులో పెట్టుకోండి, మిగిలిన రూపాయలను తిరిగి డాలర్లు చేసుకునేటప్పుడు అడుగుతారు. నోట్లే 5,000 డాలర్లు దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు అన్నీ కలిపి 10,000 దాటినా దిగగానే కస్టమ్స్‌లో ఫారం నింపాలి.

సమస్య: అక్కడ కార్డు గీకితే ఇక్కడ స్టేట్‌మెంట్‌లో ఎక్కువ పడింది

కారణాలు రెండు. ఒకటి, మీ కార్డు బ్యాంకు వేసుకునే అదనం. చాలా క్రెడిట్ కార్డుల్లో 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. రెండోది మనం చేజేతులా చేసుకునేది. షాపులో మెషీను "రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా?" అని అడుగుతుంది, రూపాయి కనబడగానే సొంతూరి మనిషి కనబడినట్టు ప్రాణం లేచొచ్చి దాన్నే నొక్కుతాం. అక్కడ రేటు నిర్ణయించేది షాపు వైపు కంపెనీ, అది మీ బ్యాంకు ఇచ్చేదానికంటే దాదాపు ఎప్పుడూ జాస్తే.

ఏం చెయ్యాలి: ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏటీఎం అడిగినా, అక్కడి కరెన్సీయే నొక్కండి. విదేశీ అదనం లేని కార్డులు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి, ఏటా పోయేవాళ్ళు ఒకటి తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తియ్యొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ.

సమస్య: థాయ్ బాత్ లాంటివి ఇక్కడ మరీ పిరం

ఇక్కడ అడిగేవాళ్ళు తక్కువ, నిల్వ తక్కువ, అందుకే తేడా ఎక్కువ. డాలర్లు తీసుకెళ్ళి అక్కడ మార్చడం చాలాసార్లు నయం. బ్యాంకాక్ సువర్ణభూమిలో కింది అంతస్తున, రైలు ఎక్కే చోట ఉన్న కౌంటర్లలో పైన అరైవల్స్‌లో కంటే మంచి రేటు ఇస్తారు, అంటే ఎయిర్‌పోర్టు అనగానే అన్నీ ఒకటే కావన్నమాట. సింగపూర్‌లో మా చెల్లెలు నన్ను లిటిల్ ఇండియాలో ముస్తఫా అనే పెద్ద షాపు వైపు తీసుకెళ్ళింది, అక్కడి రేటు చూసినప్పుడు గానీ నా నాలుగు వేల నొప్పి పూర్తిగా అర్థం కాలేదు. దిర్హామ్ మాత్రం డాలరుకు 3.6725 లెక్కన కట్టేసి ఉంటుంది కాబట్టి, దుబాయ్ పోయేవాళ్ళు ఎవరు ఎంత కలుపుతున్నారో డాలరు రేటుతోనే తేల్చుకోవచ్చు.

సమస్య: ఇప్పుడు ఎయిర్‌పోర్టులోనే ఉన్నాను, ఏం చేసేది?

తప్పదు కాబట్టి తక్కువ మార్చండి, మొదటి రోజు ఖర్చుకు చాలు. రెండు కౌంటర్లుంటే రెండూ అడగండి. ఎక్కువ మారిస్తే రేటు బాగా ఇస్తామంటారు, ఆ మాటకు పడొద్దు. నోట్లు అక్కడే లెక్కపెట్టుకుని, బిల్లు తీసుకుని కదలండి.

సమస్య: తిరిగొచ్చాక మిగిలిపోయింది

మళ్ళీ ఎయిర్‌పోర్టులోనే అమ్మితే రెండోసారి దెబ్బ. 97కి కొన్న 200 డాలర్లు 82కి అమ్మితే 3,000 పోయినట్టు. తొందరేమీ లేదు, వచ్చిన రోజు నుంచి 180 రోజుల్లోపు మార్చుకోవచ్చు, 2,000 డాలర్ల విలువ వరకు ఇంట్లోనే దాచుకున్నా తప్పులేదు, వచ్చే ప్రయాణానికి పనికొస్తాయి.

నాణేలు మాత్రం ఎవరూ తీసుకోరు. అక్కడే కాఫీకో చాక్లెట్లకో ఖర్చు చేసి రావాలి. నేను మర్చిపోయి గుప్పెడు సింగపూర్ సెంట్లు జేబులో వేసుకొచ్చాను. మా అమ్మ వాటిని కడిగి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపులో వేసేసింది. వచ్చే శనివారం హుండీలోకి పోతాయి.