ఇంగ్లండ్‌లో కుందేళ్లు, నక్కల కోసం తొలి తుపాకీ లైసెన్సు

ఉద్యోగం కోసం లింకన్‌షైర్‌కో నార్ఫోక్‌కో వచ్చి, ఊరి చివర కాస్త నేల ఉన్న ఇల్లు తీసుకున్నారనుకోండి. మొదటి శీతాకాలం గడిచేసరికి రెండు సంగతులు తెలిసొస్తాయి. గోధుమ చేను అంచుల్ని కుందేళ్లు గొరిగినట్టు మేసేస్తాయి, కోళ్లగూటి తలుపు ఒక్క రాత్రి మరిస్తే నక్క లెక్క తేలుస్తుంది. పక్క రైతు తేలిగ్గా “ఒక రైఫిల్ తెచ్చుకోండి” అంటాడు. తుపాకీ లైసెన్సు అనగానే మనకు కలెక్టరాఫీసు, పెద్దల సిఫారసులు గుర్తొస్తాయి. ఇక్కడ అది పల్లెటూరి మామూలు మనిషి పెట్టుకునే దరఖాస్తే, పెద్దల పలుకుబడితో పని లేదు. అలాగని సులువు కూడా కాదు. పోలీసులు ముందు మిమ్మల్ని చూస్తారు, తర్వాత మీ అవసరాన్ని, ఆ తర్వాత నేలను. తుపాకీ చివర్లో వస్తుంది. మనవాళ్లు చాలామంది ముందు దుకాణానికి వెళ్లి రైఫిల్ ఎంచుకుని, ఆపైన ఫారం వెతుకుతారు. అక్కడే వరస తప్పుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో లైసెన్సుకు చెప్పే ప్రధాన కారణం ఆత్మరక్షణ. ఇక్కడ ఆ మాట ఫారంలో రాస్తే దరఖాస్తు అక్కడితో ఆగిపోయినట్టే. 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో పిల్లలపై జరిగిన కాల్పుల తర్వాత 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం రైఫిల్‌కు సర్టిఫికెట్ ఇచ్చేది మీ ప్రాంత పోలీసు శాఖే. అది ఇవ్వాలంటే “తగిన కారణం” చూపాలి. చీడ జంతువుల నివారణ, అంటే పంటను, పశువులను, కోళ్లను కాపాడుకోవడానికి కుందేళ్లనూ నక్కలనూ కాల్చడం, ఆ కారణాల్లో ఒకటి.

అసలు సర్టిఫికెట్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. సమస్య కుందేళ్లతో మాత్రమే అయితే, గుండు శక్తి 12 అడుగు-పౌండ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు (గాలి ఒత్తిడితో పేలేది) ఇంగ్లండ్, వేల్స్‌లలో పద్దెనిమిదేళ్లు నిండినవారికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ముప్పై గజాల లోపల, గురి కుదిరితే, కుందేలుకు అది చాలు. సరిహద్దు దాటి స్కాట్లండ్‌కు తీసుకెళితే మాత్రం నేరం, అక్కడ 2016 డిసెంబరు 31 నుంచి ఎయిర్ రైఫిల్‌కూ లైసెన్సు కావాలి. నక్కకు ఎయిర్ రైఫిల్ పనికిరాదు, గాయపడి పారిపోయి పొదల్లో బాధపడి చస్తుంది. ఒకేసారి చాలా చిన్న గుళ్లు చిమ్మే షాట్‌గన్‌కు వేరే సర్టిఫికెట్ ఉంది. దానికి రైఫిల్ విషయంలో లాగా ఒక్కో తుపాకీకి కారణం చూపనక్కర్లేదు. కోళ్లగూటి దగ్గరికొచ్చే నక్కకు దగ్గరి దూరంలో షాట్‌గన్ సరిపోతుంది.

రైఫిలే కావాలనుకుంటే మొదటి మెట్టు నేల. మీ సొంత నేల సరిపోకపోతే, కాల్చుకోవడానికి ఒప్పుకునే రైతును వెతకాలి. ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి: రైతు పేరు, చిరునామా, ఏ పొలం, ఏ జంతువులు, సంతకం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పొలం కౌలుదారుదైతే వేట హక్కులు భూస్వామి దగ్గరే ఉండిపోయి ఉండవచ్చు. కుందేళ్ల విషయంలో 1880 నాటి గ్రౌండ్ గేమ్ చట్టం పొలం చేసుకునేవారికి తీసేయలేని హక్కు ఇచ్చింది. ఆ హక్కు నక్కలకు వర్తించదు. కాబట్టి కౌలు రైతు సరేనన్నంత మాత్రాన నక్కను కాల్చేయకండి, వేట హక్కు ఎవరిదో అడగండి. అదే పొలంలో వేరొకరు ఇప్పటికే అదే సైజు (క్యాలిబర్, అంటే గొట్టం వెడల్పు) రైఫిల్‌తో కాలుస్తుంటే పోలీసుల పని తేలికవుతుంది. లేకపోతే వాళ్లు వచ్చి నేలను చూసే అవకాశం ఉంది.

ఏ సైజు అడగాలన్నదాంట్లో ఆశపడవద్దు. కుందేళ్లకు .22 ఎల్‌ఆర్, లేదా .17 హెచ్‌ఎంఆర్ అనే చిన్న తూటా రకాలు. నక్కలకు .223, .243 వంటి ఎక్కువ శక్తి గలవి. నా మాట వింటే, ఇంతకుముందు రైఫిల్ పట్టని మనిషి మొదటి దరఖాస్తులో కుందేళ్లకు ఒక .22 అడిగి, ఏడాదో రెండేళ్లో కాల్చి, ఆ తర్వాత నక్క రైఫిల్ కోసం సర్టిఫికెట్‌లో మార్పు కోరడం మేలు. .22 గుండు మైలు దాటి పోగలదు. తడి నేల మీదో చెకుముకి రాయి మీదో తగిలి పక్కకు ఎగిరిపోవడం దానికి బాగా అలవాటు. ఈ దేశంలో తుపాకీ పరీక్ష తప్పనిసరి కాదు. అందువల్లే అనుభవం లేనివారిని మొదట కొన్నాళ్లు తెలిసినవారి వెంట వెళ్లమని పోలీసులు చెబుతుంటారు. షూటింగ్ సంఘాల్లో చేరితే ఇతరులకు జరిగే నష్టానికి బీమా కూడా వస్తుంది. బాస్క్ అనే బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ షూటింగ్ అండ్ కన్జర్వేషన్ వాటిలో పెద్దది.

కొత్తగా వచ్చినవారికి నిజమైన ఆటంకం ఫారంలో ఇద్దరి పేర్లు రాయాల్సిన చోటు. వాళ్లు మిమ్మల్ని కనీసం రెండేళ్లుగా స్వయంగా ఎరిగి ఉండాలి, బ్రిటన్‌లోనే నివసిస్తూ ఉండాలి, మీ కుటుంబ సభ్యులు కాకూడదు, పోలీసు ఉద్యోగులు గానీ తుపాకీ వ్యాపారులు గానీ కాకూడదు. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన విజయవాడ మాస్టారు ఎంత మంచి మాట చెప్పినా ఇక్కడ చెల్లదు. వచ్చి ఆరు నెలలే అయితే ఆగక తప్పదు. ఆ కాలాన్ని ఊరివాళ్లతో పరిచయం పెంచుకోవడానికి వాడుకోండి. పొలం ఒప్పుకోలు కూడా ఆ పరిచయంలోంచే వస్తుంది. ఇంతకుముందు వేరే దేశంలో ఉన్నవారిని అక్కడి పోలీసుల నుంచి నేర చరిత్ర లేదన్న పత్రం తెమ్మని అడగవచ్చు. అది చేతికి రావడానికి మన దగ్గర ఎంత సమయం పడుతుందో మీకు తెలుసు.

తర్వాత డాక్టరు. 2021 ఆగస్టులో ప్లిమత్‌లో జరిగిన కాల్పుల తర్వాత, వైద్యుడి నివేదిక లేకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదన్న నిబంధన ఆ ఏడాది నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. మీ జీపీ, అంటే మీ పేరు నమోదై ఉన్న స్థానిక డాక్టరు, నిర్ణీత ఫారం నింపాలి. అందుకు రుసుము తీసుకుంటారు, అది క్లినిక్‌ను బట్టి మారుతుంది. కొందరు జీపీలు ఈ పని ఒప్పుకోరు. అప్పుడు మీ రికార్డు చూసి రాసిచ్చే మరో డాక్టరును వెతుక్కోవాలి. పాత కుంగుబాటు, మూర్ఛ, మద్యం సమస్య లాంటివి ఉంటే చెప్పేయండి. మనలో చాలామంది మనసుకు సంబంధించిన మందులు వాడిన సంగతి ఇంట్లోవాళ్లకే చెప్పరు, ఫారంలో ఎందుకులే అనుకుంటారు. చెప్పినంత మాత్రాన తిరస్కరించరు. దాచి అబద్ధం రాస్తే మాత్రం అదే ఒక నేరం. పాత వేగ జరిమానాల వరకూ అన్నీ రాయండి.

రుసుము 2025 ఫిబ్రవరిలో బాగా పెరిగింది. రైఫిల్ సర్టిఫికెట్‌కు 88 పౌండ్ల నుంచి 198కి చేరింది. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది.

ఇక ఇంటికి వచ్చే అధికారి. ఎక్కువమంది ఈ రాకకే భయపడతారు. నిజానికి మర్యాదగా టీ తాగి మాట్లాడే మనిషే వస్తారు, కాకపోతే కళ్లు అన్నిటినీ చూస్తుంటాయి. తుపాకీ పెట్టే ఉక్కు బీరువా ఇటుక గోడకు బిగించి ఉందో లేదో పట్టుకుని లాగి చూస్తారు. అద్దె ఇల్లైతే గోడకు రంధ్రాలు వేయడానికి యజమాని అనుమతి ముందే తీసుకోండి. బీరువా కిటికీలోంచి కనపడని చోట ఉండాలి, తూటాలు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి ఎక్కడుంటుందో సర్టిఫికెట్ ఉన్నవారికి తప్ప ఎవరికీ తెలియకూడదు, జీవిత భాగస్వామికి కూడా. ఉమ్మడి అలవాట్ల మన ఇళ్లలో ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, ముఖ్యంగా అత్తమామలు ఆరు నెలలకు వచ్చి ఇల్లంతా సర్దిపెట్టే రోజుల్లో. ఇంట్లో ఉండేవారితో కూడా అధికారి విడిగా మాట్లాడవచ్చు.

ఆపైన పొలం పటం తెరిచి ప్రశ్నలు మొదలుపెడతారు. కాలిబాట ఎక్కడ పోతుంది, పక్క పొలంలో గుర్రాలున్నాయా, ఇళ్లు ఎంత దూరం? “కుందేలు గట్టు మీద కూర్చుని ఉంది, దాని వెనక ఆకాశం కనిపిస్తోంది, కాలుస్తారా?” అని అడిగితే సరైన జవాబు ఒక్కటే: కాల్చను. కుందేలు వెనక గుండును ఆపే మట్టి ఉండాలి. ఆకాశం మీదికి పోయిన గుండు ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. రాత్రి దీపం వేసి నక్కను కాల్చడం చట్టబద్ధమే. కానీ చీకట్లో మెరిసే ప్రతి కన్నూ నక్కది కాదు, పిల్లిదీ కుక్కదీ గొర్రెదీ కూడా కావచ్చు. గుర్తుపట్టాకే కాలుస్తానని మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

డబ్బు తీసుకుని వేరేవాళ్ల పొలాల్లో చీడ జంతువుల్ని కాల్చే పని చేయాలనుకుంటే ముందు మీ వీసా షరతులు చూసుకోండి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం కాక వేరే పని చేయడానికి పరిమితులుంటాయి.

తిరస్కరిస్తే 21 రోజుల్లోగా క్రౌన్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. మంజూరైతే వచ్చే కాగితాన్ని ఆ రోజే చదివి సిరాతో సంతకం చేయండి. ఎన్ని తూటాలు కొనవచ్చు, ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అన్న అంకెలు, ఏ జంతువులకు ఏ రైఫిల్ అన్న షరతులు దాని మీదే ఉంటాయి. రైఫిల్ కొన్న ఏడు రోజుల్లోపు పోలీసులకు తెలపాలి, ఇల్లు మారితే వెంటనే తెలపాలి. పేరులో గానీ నంబరులో గానీ తప్పు కనిపిస్తే దుకాణానికి వెళ్లకముందే లైసెన్సు విభాగానికి ఫోను చేయండి.