మాచిపత్రి సాధన – మూడవ పాఠం: ఆకును గుర్తించడం, ఆరబెట్టడం, స్వప్న సంచి కట్టడం

1951లో బ్రిటన్‌లో పాత మంత్రవిద్యా చట్టం రద్దయిన తరువాత జెరాల్డ్ గార్డ్‌నర్ వంటివారు బహిరంగపరచిన విక్కా అనే ఆధునిక మంత్రసాధనా మతంలోనూ, ఆ తరువాత పుట్టిన శాఖలలోనూ మాచిపత్రిని (ఇంగ్లిషులో మగ్‌వర్ట్, ఆర్టిమిసియా ప్రజాతి మొక్క) కలల కోసం, అద్దంలోకి చూసి చేసే దర్శనం కోసం వాడతారని గత పాఠంలో చెప్పుకున్నాం. సుమారు వెయ్యేళ్లనాటి పాత ఇంగ్లిషు వైద్యప్రతిలో ఉన్న తొమ్మిది మూలికల మంత్రం మొట్టమొదట పిలిచేది ఈ మూలికనే. మనం వినాయక చవితినాడు ‘సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి’ అంటూ ఇరవై ఒక్క పత్రులలో మొదటగా సమర్పించేదీ ఆ ప్రజాతి మొక్కే. ఈ రెండు ఆచారాలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. రెండు చోట్లా దీనికి అగ్రస్థానం ఇచ్చారన్నది మాత్రం నిజం, కాబట్టి తగిన శ్రద్ధతోనే దీన్ని చేతిలోకి తీసుకోవాలి.

ఈ పాఠంలో మొదటి పని ఆకును గుర్తుపట్టడం. నా దృష్టిలో సాధన మొత్తంలో ఇదే కష్టమైన భాగం. చవితి ముందురోజు రాజమహేంద్రవరంలోనో, అమలాపురంలోనో పత్రి అమ్మేవారి దగ్గర కట్టగా కొన్న ఆకులలో ఏది మాచిపత్రి అని అడిగితే చాలామంది చీలికలున్న ఏ ఆకునైనా చూపిస్తారు. చామంతి ఆకు, దవనం, చివరికి వయ్యారిభామ కూడా చూపుకు దీనికి దగ్గరగానే ఉంటాయి. వీటిలో ప్రమాదకరమైనది వయ్యారిభామ. కాలువగట్ల మీద, ఖాళీ స్థలాలలో తెల్లని చిన్న పూలతో పెరిగే ఈ కలుపుమొక్క తాకితే కొందరికి చర్మం ఎర్రబడి దురదపెడుతుంది, దాని పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది. కాబట్టి ఆకును తప్పనిసరిగా తిరగేసి చూడండి. మాచిపత్రి ఆకు పైభాగం ముదురాకుపచ్చగా, అడుగుభాగం సన్నని నూగుతో బూడిదతెలుపుగా ఉంటుంది; ఈ రెండు రంగుల తేడా పగటివెలుతురులో స్పష్టంగా తెలుస్తుంది. వయ్యారిభామకు రెండువైపులా ఇంచుమించు ఒకే లేత రంగు ఉంటుంది. ఆ తరువాత ఒక చిన్న ముక్కను నలిపి వాసన చూడండి: కాస్త కర్పూరాన్ని తలపించే, చేదు కలిసిన ఘాటు రావాలి. రంగులో గాని, వాసనలో గాని అనుమానం ఉంటే ఆ ఆకును సాధనకు వాడవద్దు.

పూజలో వాడిన పత్రిని కాలువలో కలిపే ముందు గుప్పెడు తీసి దాచుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది వద్దు. పసుపు, కుంకుమ, అక్షతలు, నీళ్లు కలిసిన ఆకు త్వరగా కుళ్లుతుంది, పైగా అందులో ఏ ఆకు ఏదో విడదీయడం అసాధ్యం. కడియం ప్రాంతపు నర్సరీలలో విచారించి, పైన చెప్పిన గుర్తులు సరిచూసుకుని, మొక్కనే కుండీలో పెంచుకోవడం అన్నిటికంటె ఉత్తమం. పురుగుమందు చల్లారేమో అడిగి, చల్లి ఉంటే కొత్త చిగుళ్లు వచ్చేవరకు ఆగండి.

ఇక ఆరబెట్టడం. భాద్రపదంలో మన డెల్టాలో ముసురు పట్టిందంటే బట్టలే ఆరవు, ఆకు ఎలా ఆరుతుంది? ఎండలో పెడితే వాసన ఎగిరిపోతుంది, గదిమూల పెడితే బూజు పడుతుంది. నులక మంచం మీద పలుచని నూలుబట్ట పరచి, ఆకులు ఒకదానిమీద ఒకటి పడకుండా చల్లి, ఫ్యాను కింద ఉంచి రోజూ తిరగేయండి. కాడ వంచితే వంగిపోకుండా పుటుక్కున విరిగినప్పుడే ఆరినట్టు. ఆ తరువాత తడిలేని గాజుసీసాలో మూతబిగించి, పేరు, తేదీ రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. మగ్గిన వాసన వచ్చినా, తెల్లని పొర కనిపించినా సీసా మొత్తం పారేయాలి, ఎందుకంటే బూజుపట్టిన మూలికను రాత్రంతా ముక్కుదగ్గర పెట్టుకోవడం ఊపిరితిత్తులకు చేటు.

కలల కోసం పడక దగ్గర ఉంచుకునే స్వప్న సంచి కట్టే ముందు చర్మపరీక్ష చేయాలి. ఒక ఆకును నలిపి ముంజేతి లోపలివైపు కొద్దిగా రుద్ది, రెండు రోజులు గమనించండి. దద్దురు గాని, దురద గాని వస్తే ఈ మూలిక మీకు సరిపడదు. చామంతిపూలు పట్టుకుంటే తుమ్ములు వచ్చేవారు, ఉబ్బసం ఉన్నవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు పరీక్ష కూడా చేయకుండా మానుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు. జానపద వైద్యంలో దీన్ని ఋతుస్రావం రప్పించడానికి వాడేవారన్న సంగతి వారు గుర్తుంచుకోవాలి. పిల్లల తలగడలో పెట్టవద్దు.

సరిపడినవారు గుప్పెడు ఎండాకును నేత నూలుగుడ్డలో మూటకట్టి, తలగడ లోపల కాకుండా దాని పక్కన, మొహానికి జానెడు దూరంలో ఉంచండి. మనసులో ఒకే ప్రశ్న పెట్టుకుని పడుకోండి, లేవగానే కలను పుస్తకంలో రాయండి. కలలు స్పష్టపడతాయన్నది సాధకుల అనుభవం, వైద్యపరీక్షలలో తేలిన విషయం కాదు. తలనొప్పి గాని, ముక్కు కారడం గాని మొదలైతే సంచి తీసి బయట పెట్టండి. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కషాయం, టీ ఈ పాఠాలలో ఎక్కడా ఉండవు. ఈ ప్రజాతి మొక్కలలో థుజోన్ అనే పదార్థం ఉండవచ్చు. మోతాదు మించితే అది మూర్ఛ తెప్పిస్తుంది, ఒక మొక్కలో ఉన్నంత మరొక మొక్కలో ఉండదు కాబట్టి ఇంట్లో కొలత వేయలేం. అది గాఢంగా చేరే సుగంధతైలాన్ని లోపలికి తీసుకోవడం ఇంకా ప్రమాదం. దర్శనానికి వాడే అద్దాన్ని ఆకు నానిన నీటితో తుడవడం వరకే మన పద్ధతి, ఆ నీటిని తులసికోటలో గాని, పశువుల కుడితిలో గాని పోయవద్దు.

మరొక మాట. మన పల్లెల్లో చేతబడి అనుమానంతో అమాయకులను, ముఖ్యంగా ఒంటరి ముసలమ్మలను, హింసించిన సంఘటనలు ఉన్నాయి. ఇంకొకరి పేరు మీద, ఇంకొకరి ఇంటి వైపు చేసే ఏ ప్రయోగానికీ ఈ సాధనలో చోటు లేదు. సంచి మీ పడకగది దాటకూడదు, ఇతరుల గుమ్మాల దగ్గర ఆకు పారేయకూడదు.

తరువాతి పాఠం ధూపం గురించి. పొగ ఊపిరికి సంబంధించినది కనుక, ఈ పాఠంలోని చర్మపరీక్షలోనూ, సంచితో పడుకున్న రాత్రులలోనూ ఏ ఇబ్బందీ లేనివారే దానిలోకి రావాలి. అప్పటికి రెండు కిటికీలు ఎదురెదురుగా తెరుచుకునే గదిని, ఒక మట్టి ధూపపాత్రను, చెంబెడు ఇసుకను సిద్ధం చేసుకోండి.