నెట్ వస్తుంది, షేర్ ఫోల్డర్ రాదు: 1068, 1075 ఎర్రర్లకు రిజిస్ట్రీలో మరమ్మతు

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో ఖాతాల డేటా ఒక సిస్టమ్‌లో ఉంటుంది, మిగతావి షేర్ ఫోల్డర్ ద్వారా దాన్ని వాడుకుంటాయి. వాటిలో ఒకదానికి ఇంటర్నెట్ వస్తూ షేర్ ఫోల్డర్ మాత్రం రాకపోతే కేబుల్ జోలికి, రూటర్ జోలికి పోకండి. ముందు సర్వీసెస్ తెరిచి, షేర్ ఫోల్డర్లను అందుకునే 'వర్క్‌స్టేషన్' సర్వీసును స్టార్ట్ చేయండి. 1068 వస్తే, అది ఆధారపడిన సర్వీసో డ్రైవరో లేవడం లేదు. 1075 వస్తే, అది ఆధారపడే సర్వీసుల జాబితాలో పేరుంది గానీ ఆ సర్వీసే సిస్టమ్‌లో లేదు.

ఆ జాబితా విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది. విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, రిజిస్ట్రీని మార్చే రెగ్‌ఎడిట్ తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్ దాటి లాన్‌మ్యాన్‌వర్క్‌స్టేషన్ (వర్క్‌స్టేషన్ సర్వీసు అసలు పేరు) దాకా వెళ్లండి. ఏదీ ముట్టుకోకముందే ఆ కీ మీద రైట్‌క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. కుడివైపు డిపెండ్‌ఆన్‌సర్వీస్ తెరిస్తే వరుసకొక పేరు కనిపిస్తుంది. విండోస్ 10లో ఉండాల్సినవి బౌజర్, ఎంఆర్‌ఎక్స్‌ఎస్ఎంబీ20, ఎన్ఎస్ఐ.

చిక్కంతా చాలాసార్లు ఎంఆర్‌ఎక్స్‌ఎస్ఎంబీ10 దగ్గరే. అది ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతికి డ్రైవర్. దాన్ని చేత్తో డిజేబుల్ చేసి జాబితాలో పేరు వదిలేస్తే 1068, డ్రైవర్ని పూర్తిగా తీసేసి పేరు మిగిల్తే 1075. ఆ ఒక్క వరుస తీసేయండి, చాలు. ఎర్రర్ పోతుంది కదా అని ఎస్ఎంబీ1ని మళ్లీ ఆన్ చేయడం ప్రమాదం. 2017లో వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ పాకింది ఆ దారినే. తీసేసిన యాంటీవైరస్, వీపీఎన్‌ల డ్రైవర్ పేర్లు కూడా ఇలాగే మిగిలిపోతుంటాయి.

జాబితా సరిగానే ఉంటే, అందులోని ఒక్కో పేరుకు సర్వీసెస్ కింద ఉన్న కీ తెరిచి 'స్టార్ట్' విలువ చూడండి. 4 అంటే డిజేబుల్. బౌజర్, ఎంఆర్‌ఎక్స్‌ఎస్ఎంబీ20లకు 3, ఎన్ఎస్ఐకి 2 ఉండాలి. ఇక్కడ చాలామంది తడబడతారు: బౌజర్ లాంటివి డ్రైవర్లు కాబట్టి సర్వీసెస్ విండోలో అసలు కనిపించవు. ఎంఆర్‌ఎక్స్‌ఎస్ఎంబీ20 మళ్లీ ఎంఆర్‌ఎక్స్‌ఎస్ఎంబీ మీద, అది ఆర్‌డీబీఎస్ఎస్ మీద ఆధారపడతాయి. గొలుసు చివరిదాకా చూడాలి.

రిజిస్ట్రీలో మార్చాక రీస్టార్ట్ తప్పనిసరి, ఎందుకంటే సర్వీస్ మేనేజర్ ఈ జాబితాను బూట్ సమయంలోనే చదువుకుంటుంది. రీస్టార్ట్ లేకుండా కావాలంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎస్‌సీ కాన్ఫిగ్' వాడండి. అందులో ముందు సర్వీసు పేరు, తర్వాత డిపెండ్, దాని పక్కన ఈక్వల్ గుర్తు, ఆ తర్వాత ఒక ఖాళీ, ఆపైన స్లాష్‌తో విడదీసిన పేర్లు. కొత్తగా ఇచ్చిన జాబితా పాతదాన్ని మొత్తం చెరిపేస్తుంది, కాబట్టి ఉండాల్సిన పేర్లన్నీ ఇవ్వాలి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్‌లో 'ఎస్‌సీ' అంటే వేరే కమాండ్. అక్కడ చివర 'డాట్ ఈఎక్స్ఈ' చేర్చాలి.

ఐపీ అడ్రసే రాకపోతే ఇదే పద్ధతిలో, ఆ అడ్రస్ తెచ్చే డీహెచ్‌సీపీ సర్వీసు కీ చూడండి. విండోస్ 7లో దానికి ఎన్ఎస్ఐ, టీడీఎక్స్, ఏఎఫ్‌డీ ఉంటాయి. మిగతా వెర్షన్లకు మాత్రం అదే వెర్షన్ ఉన్న, బాగా పనిచేస్తున్న పక్క సిస్టమ్‌ను పెట్టుకుని వరుస వరుస పోల్చండి.