ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నలుగురితో కలిసి నడపడం ఎలా

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల డీటీపీ షాపుల్లో శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ అను అనే పాత తెలుగు ఫాంట్లలోనే కంపోజ్ చేస్తారు. ఆ మ్యాటర్ ఫోన్‌లో చదవాలంటే యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలోకి మార్చాలి. ఆ పని చేసే చిన్న కన్వర్టర్‌ను ఆరేళ్లుగా చూసుకుంటున్నాను. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, పైసా రాదు. డీటీపీ ఆపరేటర్లు, బీటెక్ పిల్లలు, రిటైరైన ఒక తెలుగు సారు కలిసి దాన్ని నిలబెట్టారు. మీరూ ఇలాంటిది మొదలుపెట్టి ఉంటే ఇది మీకోసమే.

ముందు లైసెన్స్ తేల్చుకోండి. కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టినంత మాత్రాన కోడ్ అందరిదీ అయిపోదు. లైసెన్స్ ఫైలు లేకపోతే కాపీరైట్ రాసినవాళ్లదే, ఇంకొకరు మార్చి పంచుకునే హక్కు ఉండదు. ఎవరు ఎలా వాడుకున్నా సరే అనుకుంటే ఎంఐటీ అనే లైసెన్స్ పెట్టండి. మార్చి పంచేవాళ్లు తమ సోర్స్ కూడా ఇవ్వాలి అనుకుంటే జీపీఎల్. పదిమంది చెయ్యి పడ్డాక లైసెన్స్ మార్చాలంటే ఆ పదిమందినీ అడగాల్సి వస్తుంది. మాలాంటి ప్రాజెక్టు అయితే ఇంకో జాగ్రత్త: కంపెనీ ఫాంట్ ఫైళ్లను రెపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) పెట్టొద్దు.

ఇక బగ్గులు, అంటే కోడ్‌లో తప్పులు. వాడేవాళ్లు బగ్‌ను మన మాటల్లో చెప్పరు. ఒక ఆపరేటర్ వాట్సాప్‌లో స్క్రీన్ ఫొటో పంపి కింద ఒక్క ముక్క రాశాడు: "అన్నా, ఆహ్వానం అని కొడితే అంతా ఆగమాగం వస్తున్నది." ఫొటో పెద్దది చేసి చూశాను. 'హా' ఒక దిక్కు, వ ఒత్తు ఇంకో దిక్కు. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనబడే ముక్కలుగా ఉంటాయి: ముందు 'హా', దాని వెనక ఒత్తు. యూనికోడ్‌లో వరస వేరు. హ, పొల్లు, వ అయ్యాకే దీర్ఘం రావాలి. మా కోడ్ దీర్ఘాన్ని ముందే పెట్టేస్తోంది.

ఆ రోజు నుంచి బగ్ ఫారంలో మూడే గళ్లు ఉంచాం: ఏం కొట్టారు, ఏం వచ్చింది, ఏం రావాలి. ఆపరేటర్‌ను "గిట్‌హబ్‌లో అకౌంట్ తెరిచి ఇష్యూ (ఫిర్యాదు) పెట్టు" అనం. ఫొటో ఎవరికి వస్తే వాళ్లే ఫారం నింపుతారు. శుభలేఖ ఫొటో అయితే పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన తర్వాతే. సరిచేసిన ప్రతి మాటా టెస్టుల జాబితాలోకి వెళ్తుంది. ఎవరు ఏ మార్పు పంపినా ఆ మాటలన్నీ మళ్లీ ఆటోమేటిక్‌గా సరిచూడబడతాయి. 'ఆహ్వానం' మళ్లీ చెడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కొత్తవాళ్లు పంపే మొదటి మార్పు మీద పెట్టండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. కాజీపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి తొమ్మిది లైన్ల కోడ్ పంపింది. 'సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మా కన్వర్టర్ దాన్ని మింగేస్తోందని ఆ అమ్మాయే పట్టుకుంది. చూశాను, బాగుంది అనుకున్నాను, ఆఫీసు పనిలో పడి మూడు వారాలకు జవాబిచ్చాను. మళ్లీ ఆమె నుంచి ఒక్క లైనూ రాలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి రెండు రోజుల్లో జవాబు ఇవ్వండి. టైం లేకపోతే "అందింది, ఆదివారం చూస్తాను" అన్నా చాలు. స్పేసుల్లాంటి చిన్న సవరణలు మీరే చేసి కలుపుకోండి, వాటికోసం వెనక్కి పంపొద్దు. వద్దనాల్సి వస్తే ఎందుకు వద్దో ఉదాహరణతో చెప్పండి. పది నిమిషాల్లో అయిపోయే పనులు కొన్ని కొత్తవాళ్ల కోసం పక్కన పెట్టండి, చెయ్యి ఊరుకోకపోయినా ముట్టుకోవద్దు.

రిలీజ్ తేదీ వాడేవాళ్ల పనిని బట్టి పెట్టుకోవాలి. మేం పెళ్లిళ్ల సీజన్‌లో కొత్త వెర్షన్ వదలం. ఆషాఢంలోనో మూఢంలోనో షాపులు ఖాళీగా ఉంటాయి, ఆపరేటర్లు ఓపిగ్గా పరీక్షించి చెబుతారు. రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో ఎవరూ దొరకరు, ఆ వారం అసలే వద్దు.

ప్రాజెక్టు తాళాలు, అంటే కోడ్ కలిపే, రిలీజ్ చేసే హక్కులు ఒక్కరి దగ్గరే ఉంచొద్దు, అలాగని తొందరపడి ఇవ్వొద్దు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం సంగతే చూడండి. చాలా ఏళ్లు ఒక్కడే ఖాళీ టైంలో చూసుకున్న ప్రాజెక్టులోకి సాయం చేస్తానంటూ ఒకరు వచ్చారు. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడే దొడ్డిదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఆరా తీయడంతో 2024 మార్చిలో అది బయటపడింది. దాన్ని నడిపించే స్క్రిప్టు ముక్క అందరూ చూసే గిట్ రెపోలో లేదు, డౌన్‌లోడ్‌కు ఇచ్చిన రిలీజ్ ఆర్కైవ్‌లో మాత్రమే ఉంది. అది చదివాక మేం రెండు మార్చుకున్నాం. నా కోడ్ అయినా ఇంకొకరు చూడందే కలవదు. రిలీజ్ ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ తయారవదు, రెపో నుంచే ఆటోమేటిక్‌గా తయారవుతుంది.

ఇప్పుడు పబ్లిష్ చేసే హక్కు నాతో పాటు ఇంకో ఇద్దరికి ఉంది. రిలీజ్‌కు ఏమేం చేయాలో నా తలలో ఉన్నదంతా ఒక పేజీలో రాశాను. పోయిన ఆషాఢంలో వాళ్లిద్దరూ ఆ పేజీ చూసుకుంటూ వెర్షన్ వదిలారు. నాలుగో మెట్టు దగ్గర ఆగి ఫోన్ చేశారు, అక్కడ నేను ఒక కమాండ్ రాయడం మరిచాను. వాళ్లే దాన్ని పేజీలో చేర్చారు.