పాత కారు విద్యుత్తు – 4వ పాఠం: వెలగని బ్రేకు లైటు

గత పాఠంలో కరెంటు ఉందో లేదో వెలిగి చూపే టెస్ట్ ల్యాంపు తయారు చేసుకొని, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టె వరకు కరెంటు ఎలా వస్తుందో చూశాము. ఈసారి అదే ల్యాంపుతో బ్రేకు లైట్ల సంగతి తేలుద్దాము. ఉదాహరణగా మారుతి 800ను తీసుకుంటున్నాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి వరకు తయారైన ఈ కారు వైరింగు చిక్కుల్లేనిది కనుక నేర్చుకునేవారికి అనువుగా ఉంటుంది.

బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు గుండా బ్రేకు పెడల్ పైభాగాన ఉన్న స్విచ్చికి చేరుతుంది; పెడల్ తొక్కగానే స్విచ్చి కలుసుకొని, కరెంటు వెనక్కి వెళ్లి, రెండు పాయలుగా చీలి, బల్బులను వెలిగించి, బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కు తిరిగివస్తుంది. కాబట్టి పానా పట్టుకొనే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: రెండు లైట్లూ వెలగడం లేదా, ఒకటేనా? ఒకటే అయితే లోపం పాయ చీలిన తరువాతే ఉంటుంది. రెండూ అయితే ఫ్యూజును, స్విచ్చిని ముందుగా అనుమానించాలి. అయితే మొదటి బల్బు మాడిపోయినట్టు డ్రైవరు సీటులో ఉన్నవారికి తెలియదు. ఎవరో చెప్పేనాటికి రెండోదీ పోయి ఉండవచ్చు గనుక బల్బులను చూడకుండా స్విచ్చి కొనవద్దు.

ఈ బల్బులో 21 వాట్ల తీగ బ్రేకుకు, 5 వాట్ల తీగ పార్కింగు లైటుకు ఉంటాయి. బల్బు అడుగు పక్కన పొడుచుకొచ్చిన రెండు చిన్న పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిప్పి బిగిస్తే తీగలు తారుమారై, బ్రేకు తొక్కినప్పుడు మసకగా, పార్కింగు వేసినప్పుడు ప్రకాశంగా వెలుగుతుంది.

బల్బు బాగుండీ వెలగకపోతే, నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఎర్తుది, అంటే బల్బు నుంచి కరెంటు బాడీలోకి దిగే కలయికది. వానాకాలంలో డిక్కీ మూల చేరిన తేమ ఎర్తు స్క్రూ కింద తుప్పు పట్టిస్తుంది. ఎర్తు పూర్తిగా తెగినప్పుడు లైటు ఆరిపోవడమే కాక వింతలు కూడా జరుగుతాయి: దారి దొరకని బ్రేకు కరెంటు అదే బల్బులోని పార్కింగు తీగ గుండా వెనక్కి పారి, మిగతా పార్కింగు లైట్లను మసకగా వెలిగిస్తుంది. ఒకటి తొక్కితే మరొకటి వెలిగిందంటే ముందు ఎర్తునే చూడాలి. ఈ లక్షణం తెలియని రోజుల్లో నేను రెండు బల్బులు, ఒక స్విచ్చి అనవసరంగా కొన్నాను.

పరీక్ష తేలిక. పెడల్‌ను ఒక కర్రతో సీటుకు ఆనించి నొక్కి ఉంచి, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక కొసను బల్బు హోల్డరు లోహానికి, రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కు తాకించాలి. 0.2 వోల్టులలోపు చూపితే ఎర్తు మంచిది. ఒక వోల్టు చూపితే ఆ వోల్టు తుప్పుకే పోతున్నదని అర్థం. బల్బుకు అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. స్క్రూ విప్పి, ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన కాస్త వాసెలిన్ పూయండి.

రెండు లైట్లూ వెలగనప్పుడు, ఫ్యూజు బాగుంటే, స్విచ్చి రెండు తీగలనూ టెస్ట్ ల్యాంపుతో చూడాలి. ఒకదానిలో కరెంటు ఉండి, పెడల్ తొక్కినా రెండోదానికి రాకపోతే స్విచ్చి మార్చాలి. మాడిన ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టే అలవాటు మానాలి, తీగలే కాలిపోతాయి.

లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉంటే, పెడల్‌పై స్విచ్చి మొనకు ఆనే చిన్న రబ్బరు బిళ్ల పొడిపొడిగా రాలిపోయిందేమో చూడండి. రెండు బల్బులు కలిసి గంటకు సుమారు 3.5 ఆంపియర్ అవర్ తాగుతాయి కనుక 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్క రాత్రిలో ఖాళీ అవుతుంది. బిళ్ల మార్చాక, పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు లైటు ఆరి, వేలితో కొద్దిగా నొక్కగానే వెలిగేలా స్విచ్చి నట్టును సరిచేసి బిగించాలి.

వచ్చే పాఠం ఇండికేటర్లది. ఈలోగా మీ కారు వెనుక రెండు హోల్డర్ల దగ్గరా ఎర్తు రీడింగు తీసి నోటు పుస్తకంలో రాసుకోండి. అప్పుడు ఆ అంకెలే మనకు కావాలి.