మూడు చీటీలు పెట్టుకుని చదవండి

పిల్లలూ పెద్దలూ ఒకే పుస్తకం చదివి కలిసి మాట్లాడుకోవాలంటే ‘బాగుంది’, ‘బాలేదు’ అంటే సరిపోదు. ఎక్కడ బాగుందో పేజీ తీసి చూపించగలగాలి. అందుకే పుస్తకంతోపాటు మనిషికి మూడు చీటీలు ఇవ్వండి. వేలెడంత కాగితం ముక్కలు చాలు. బాగా నచ్చిన చోట ఒకటి, అర్థం కాని చోట ఒకటి, ‘ఇది నేను ఒప్పుకోను’ అనిపించిన చోట ఒకటి పెట్టమనండి. చీటీ మీద పేరు రాయించండి. మూడుకు మించి ఇవ్వకండి. ఎక్కువైతే పేజీకొకటి పెట్టేస్తారు, ఏది ముఖ్యమో ఎంచుకోరు.

నాలుగైదు కుటుంబాలు, మొత్తం 10 నుంచి 12 మంది ఉంటే సరిగ్గా సరిపోతుంది. 15 దాటితే పిల్లలు నోరు విప్పరు, అప్పుడు రెండు జట్లు చేయండి. ఇంటికో ప్రతి చొప్పున మూడు వారాల ముందే అందాలి. వారం ముందు ఇస్తే పెద్దలే చదవకుండా వస్తారు.

మొదటిసారే నవల పెట్టుకోవద్దు. ఎనిమిది పది పేజీల్లో అయిపోయే కథ తీసుకోండి, లేదా ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’లో ఒకటి రెండు భాగాలు. బాపు బొమ్మలు ఉంటాయి కాబట్టి చిన్నవాళ్లకీ పట్టు దొరుకుతుంది. అందులో ‘సీగాన పెసూనాంబ’ అనే పేరు రాగానే పెద్దలు నవ్వుతారు, వాళ్లకు శ్రీజ్ఞానప్రసూనాంబ వినబడుతుంది కనుక. ఆ పేరు ఎన్నడూ వినని పిల్లలకు అది ఏదో పొడుగాటి పేరు, అంతే. ‘అర్థం కాలేదు’ చీటీ అక్కడ కనిపిస్తే, అది శ్రీకాళహస్తి అమ్మవారి పేరని ఒకరు రెండు ముక్కల్లో చెప్పి, ఆ వాక్యం మళ్లీ పైకి చదవాలి. ఈసారి పిల్లలూ నవ్వుతారు. ఒకే పేజీ రెండు వయసులకు రెండు రకాలుగా ఎలా అందుతుందో అందరికీ అక్కడే తెలిసిపోతుంది.

కూర్చున్నాక గంటంబావు చాలు. మొదటి పావుగంట పైకి చదవడానికే కేటాయించండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు కూడబలుక్కుని చదువుతారు. అభిప్రాయం లేక కాదు, పేజీ పూర్తికాక ఊరుకుంటారు. పెద్దలు ఒక పేజీ చదివితే పిల్లలు ఒక పేరా చదవాలి. ఒత్తు దగ్గర ఆగితే వెంటనే అందించకండి, మనసులో అయిదు లెక్కపెట్టండి. మాండలికంలో రాసిన కథైతే ఆ ప్రాంతం మనిషి చేత చదివించండి. కంటికి అడ్డుపడిన మాట చెవికి సులువుగా ఎక్కుతుంది.

తర్వాత మాట్లాడడం. ముందు పిల్లలే, అందులోనూ అందరికంటే చిన్నవాళ్లు. పెద్దలు ముందు మాట్లాడితే పిల్లలు దాన్నే అప్పజెబుతారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు: పేజీ నంబరు చెప్పాలి, ఆ వాక్యం చదవాలి, చీటీ ఎందుకు పెట్టారో చెప్పాలి. కథంతా చెప్పుకుపోతుంటే ‘మీ చీటీ ఏ పేజీలో ఉందండీ?’ అని అడగండి, దారిలోకి వస్తారు. రచయిత జీవితం గురించి తెలిసిన పెద్దాయన ఉంటే ఆయన వంతు చివర పెట్టండి. మొదట పెడితే గంటా అక్కడే అయిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టే ప్రశ్న ఒకటుంది: ‘కథలో నీతి ఏమిటి, చెప్పమ్మా?’ అది వినగానే పిల్లలకు పరీక్ష గుర్తొస్తుంది, బళ్లో రాసే జవాబే చెబుతారు. దాని బదులు ‘ఆ పిల్లాడు అబద్ధం చెప్పకపోతే ఏమయ్యేది?’ అనో, ‘నువ్వైతే ఎక్కడ ఆపేసేవాడివి?’ అనో అడగండి. పక్కన కూర్చున్న అమ్మానాన్నలు చెవిలో అందిస్తుంటారు. పిల్లల్ని వాళ్లకు ఎదురుగా కూర్చోబెడితే ఆ బెడద తప్పుతుంది. పుస్తకం నచ్చలేదని ఎవరైనా పిల్ల చెబితే సర్దిచెప్పకండి, ఏ పేజీ దగ్గర విసుగొచ్చిందో అడగండి. చాలాసార్లు పెద్దలకూ అక్కడే విసుగొచ్చి ఉంటుంది, పైకి చెప్పరు.

చివరి పది నిమిషాలు నోటుపుస్తకానికి. పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర, పేజీలు ఒక వరసలో రాసి, కింద ఒక్కొక్కరి వాక్యం వాళ్ల చేతే రాయించండి. ‘చాలా బాగుంది’ వద్దు. ‘12వ పేజీలో తాత కోపం నిజంగా మా తాత కోపంలాగే ఉంది’ అన్న వాక్యం చదివితే ఇంకొకరికి ఆ పుస్తకం తియ్యాలనిపిస్తుంది. ఏ వయసువాళ్లకు పైకి చదివి వినిపించాలో, ఏ వయసు నుంచి సొంతంగా చదువుకోగలరో కూడా రాయండి. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ నోటుపుస్తకాన్ని మీ ఊరి గ్రంథాలయానికి తీసుకెళ్లి, అలమరలో లేని పుస్తకాల పేర్లు అక్కడ రాసి ఇవ్వండి.